ఇంటిపని రెట్టింపైతే చదువు రెట్టింపవుతుందా?

ఈ వ్యాసం చదివాక మా లెక్కల సార్ నన్ను పిలిచి ఏమంటారో తెలియదు. అయినా రాస్తున్నాను. సార్ మీద కోపంతో కాదు. ఆయన దగ్గర నేర్చుకున్న లెక్కలతోనే ఈ వాదన చేస్తున్నాను. తప్పుంటే దిద్దమని అడుగుతున్నాను.

ముందు నాకు జరిగిన సంగతి చెప్తాను. మాది హోసూరు పక్కన చిన్న పల్లె. మాకు ఎకరాన్నర బంతి తోట ఉంది. మామూలుగా ఆరుగురు కూలోళ్లు వస్తే తెల్లవారి 5 గంటలకు మొదలుపెట్టి 9 గంటలకు కోత ముగిస్తారు. ఆ తర్వాత పూల మండీకి పోయే బండి వస్తుంది. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు ఆయుధపూజ ముందు అందరి తోటల్లోనూ ఒకేసారి కోత పడింది. మాకు నలుగురే దొరికారు. ఆ రాత్రి నాయన నన్ను పిలిచి, "పాపా, నలుగురితో కోస్తే ఎంతసేపు పడుతుంది? బండివానికి ఎన్నింటికి రమ్మని చెప్పేది?" అని అడిగాడు.

నాకు సంతోషం వేసింది. అప్పటికి వారం కిందటే అనుపాతం పరీక్షలో 25కి 24 మార్కులు వచ్చాయి. పెన్సిలు తీసుకున్నాను. ఆరుగురికి 4 గంటలు, నలుగురికి ఎక్స్ గంటలు. అడ్డ గుణకారం చేశాను. నాలుగు నాలుగులు పదహారు, దాన్ని 6తో భాగించాలి. 2 గంటల 40 నిమిషాలు! "ఏడూ నలభైకి రమ్మను నాయనా" అన్నాను.

నాయన ఒక నిమిషం నా ముఖం చూశాడు. "ఆరుగురు తొమ్మిదికి ముగించే పని నలుగురు ఏడూ నలభైకే ముగిస్తారా? అట్లయితే ఇద్దర్నే పిలుస్తా, ఇంకా బిరీన అయిపోతుంది. ఎవర్నీ పిలవకుంటే ఈ రాత్రికే అయిపోయుంటుందిలే!" అని నవ్వాడు.

గడపలో కూర్చున్న మా అవ్వ బడి మెట్టు ఎక్కలేదు. ఆమె వక్కాకు నములుతూనే చెప్పింది. "ఆరు నాలుగుల ఇరవై నాలుగు. దాన్ని నలుగురికి పంచు. తలా ఆరు గంటలు. బండిని పదకొండుకి రమ్మను. కానీ అప్పటికి ఎండెక్కి పువ్వు వాడిపోతుంది, ఇంకో ఇద్దర్ని వెతుకు."

నేను ఆ రాత్రి చాలాసేపు నిద్రపోలేదు. 25కి 24 తెచ్చుకున్న నాకు రానిది, సంతకం కూడా రాని అవ్వకు ఎట్లా వచ్చింది? నాకు తెలివి లేకనా? కాదు. నాకు అడ్డ గుణకారం వచ్చు. ఎప్పుడు చెయ్యాలో, ఎందుకు చెయ్యాలో రాదు. ఎందుకు రాదంటే, దాన్ని నన్నెవరూ అడగలేదు. అనులోమానుపాతం పాఠం కింద ఉన్న 20 లెక్కలూ అనులోమానుపాతమే. విలోమానుపాతం పాఠం కింద ఉన్న 20 లెక్కలూ విలోమానుపాతమే. ఏ పాఠం జరుగుతోందో తెలిస్తే చాలు, లెక్క చదవక్కర్లేదు. అంకెలు మూడు పట్టుకుని పైనా కిందా వేస్తే మార్కు వచ్చేస్తుంది. కానీ తోటలో నాయన లెక్క అడిగినప్పుడు, "ఇది 4.2 అభ్యాసంలోది" అని చెప్పి అడగడు కదా!

కాబట్టి నా వాదన ఒక్కటే. మా లెక్కల ఇంటిపని ఎక్కువగా ఉంది, ఆలోచన తక్కువగా ఉంది. అది ఎంత పెరిగితే ఇది అంత తగ్గుతోంది. దీన్ని విలోమానుపాతం అనవచ్చో లేదో సార్ చెప్పాలి.

ఒక లెక్క చూడండి. మా తరగతిలో మేము 42 మందిమి. రోజుకు 20 లెక్కలు ఇస్తారు. ఒక్కో లెక్కకు 8 నిమిషాలు అనుకుంటే 160 నిమిషాలు. అంటే మళ్లీ అదే 2 గంటల 40 నిమిషాలు! ఒక్క లెక్కల సబ్జెక్టుకే. మాలో చాలామంది సాయంత్రం బడి నుంచి పోయి పశువులకు మేత వెయ్యాలి, నీళ్లు పట్టాలి, చెల్లెల్ని చూసుకోవాలి. ఇప్పుడు సార్ వైపు చూడండి. 42 పుస్తకాలు, పుస్తకానికి 20 లెక్కలు. మొత్తం 840. ఒక్కో లెక్కను అర నిమిషం చూసినా 420 నిమిషాలు, అంటే 7 గంటలు. పాఠాలు చెప్పి, హాజరు రాసి, మధ్యాహ్న భోజనం చూసుకుని, ఆపైన రోజూ 7 గంటలు దిద్దగల మనిషి ఉన్నారా? లేరు. అందుకని చివర ఒక ఎర్ర గీత, ఒక సంతకం. మేము ఆలోచించకుండా రాస్తాము, వారు చదవకుండా సంతకం పెడతారు. తప్పు వారిదీ కాదు, మాదీ కాదు. తప్పు ఆ 20 అనే అంకెది.

దీని ఫలితం ఒకసారి మా తరగతిలోనే బయటపడింది. ఒక గైడులో 35 అని ఉండాల్సిన చోట 53 అని అచ్చుతప్పు పడింది. మర్నాడు తరగతిలో సగం మందికి పైగా పుస్తకాల్లో జవాబు 53! పైన చేసిన మెట్లన్నీ 35 దగ్గరికే వస్తున్నాయి, చివరి వరుసలో మాత్రం 53. ఆ పుస్తకాల్లో నాదీ ఒకటి. సిగ్గుపడుతూనే ఒప్పుకుంటున్నాను.

ఇక బీజగణితం. "అటువైపు పోతే గుర్తు మారుతుంది" అనేది మాకు మంత్రం. ఎక్స్ + 5 = 12 అయితే 5 అటువైపు పోయి మైనస్ అవుతుంది, ఎక్స్ = 7. బాగానే ఉంది. ఆ తర్వాత 3ఎక్స్ = 12 వచ్చింది. మా బెంచీలో ఒకమ్మాయి 3ను అటువైపు పంపి గుర్తు మార్చింది. 12ను మైనస్ 3తో భాగించి, ఎక్స్ = మైనస్ 4 అని రాసింది. అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆమె మంత్రాన్ని అక్షరాలా పాటించింది కదా! మంత్రంలో ఎందుకు అనేది లేకపోతే ఎక్కడ ఆగాలో ఎట్లా తెలుస్తుంది?

నాకు సమీకరణం అర్థమైంది బడిలో కాదు, అవ్వ పాత తక్కెడ దగ్గర. ఒకప్పుడు ఆమె సంతలో చింతపండు అమ్మేది. "రెండు తట్టలూ సమంగా ఉన్నప్పుడు ఈ పక్క ఎంత తీస్తే ఆ పక్కా అంతే తియ్యాలి, అప్పుడే ముల్లు కదలదు" అని చెప్పింది. అంతే, సమీకరణం అంటే అదే. 5 ఎక్కడికీ పోలేదు, గుర్తేదీ మారలేదు. రెండు పక్కలా 5 తీసేశాము. 3ఎక్స్ అంటే ఒకే బరువున్న మూడు మూటలు. రెండు పక్కలా మూడో వంతు ఉంచితే ఒక మూట 4. మైనస్ ఎక్కడి నుంచి వస్తుంది? పక్షాంతరం అనేది తక్కెడ పనికి పెట్టుకున్న అడ్డదారి. దారి తెలిసినవాడికి అడ్డదారి మేలు చేస్తుంది. తెలియనివాణ్ణి అడవిలోకి తీసుకుపోతుంది.

ఆల్‌జీబ్రా అనే మాట ఎక్కడిదో తెలుసా? 9వ శతాబ్దంలో బాగ్దాదులో అల్ ఖ్వారిజ్మీ అనే పండితుడు రాసిన పుస్తకం పేరులో 'అల్ జబ్ర్' అనే అరబ్బీ మాట ఉంది. తగ్గినదాన్ని తిరిగి పూర్తి చెయ్యడం అని దాని భావం. విరిగిన ఎముకను సరిచేసి కూర్చడానికీ ఆ భాషలో అదే మాట. మన వైపు చెయ్యి విరిగితే పుత్తూరు కట్టుకు పోతారు చూడండి, అటువంటి పని. ఒక పక్క తగ్గిన చోట కలిపి, రెండో పక్కా అంతే కలిపి, సమానం చెయ్యడం. ఇది చెప్పడానికి ఐదు నిమిషాలు చాలు. 20 లెక్కల తొందరలో ఆ ఐదు నిమిషాలే దొరకవు.

ఎక్స్ అంటే ఏమిటని అడిగితే కొందరు "ఎ అంటే ఆపిల్, బి అంటే బనానా" అని చెప్తారు. మూడు ఆపిల్లు, రెండు బనానాలు కలిపితే 3ఎ + 2బి అంటారు. మరి ఎ × బి వస్తే ఆపిల్‌ను బనానాతో ఎట్లా గుణించేది? అక్షరం పండు కాదు, అది ఒక సంఖ్య. మన దేశపు పాత గణితంలో తెలియని సంఖ్యకు 'యావత్ తావత్' అని పేరు. ఎంతో అంత అని అర్థం. రెండోది, మూడోది కావాలంటే కాలకం, నీలకం అని రంగుల పేర్లు పెట్టేవారు. 12వ శతాబ్దపు భాస్కరాచార్యుల బీజగణితంలో ఈ పేర్లున్నాయి. "ఎంతో అంత" అనే మాట మా నాయన రోజూ అంటాడు. "మండీలో రేటు ఎంతుంటే అంత" అంటాడు. అదే ఎక్స్.

ఇప్పుడు అసలు బాధ చెప్తాను. మా తరగతిలో ఒకబ్బాయి ఉన్నాడు. పేరు రాయను. తెల్లవారితే అన్నతో పూల మండీకి పోయి, అక్కడి నుంచి బడికి వస్తాడు. ఒక పరీక్షలో ఈ లెక్క వచ్చింది. పూలు అమ్మిన డబ్బులో నూటికి 10 కమీషను, ఆపైన బండి బాడిగ 300 పోగా రైతు చేతికి 4200 వచ్చింది. పూలు ఎంతకు అమ్ముడుపోయాయి? మాలో చాలామంది సమీకరణం రాయబోయి తికమకపడ్డారు. అతను ఒక్క వరుసలో 5000 అని రాసి పెట్టాడు. మెట్లు లేవని 5 మార్కులకు 1 వచ్చింది. కాపీ కొట్టావా అని కూడా అడిగారు.

నేను తర్వాత అడిగాను, ఎట్లా చేశావని. "బాడిగ కలిపితే 4500. అది పదిలో తొమ్మిది వంతులు. ఒక వంతు 500. పది వంతులు 5000. ఇందులో ఏముంది, దినమూ చేసేదే కదా" అన్నాడు. చూడండి! 300 తిరిగి కలపడమే అల్ జబ్ర్. తొమ్మిది వంతుల నుంచి ఒక వంతుకు, అక్కడి నుంచి పది వంతులకు పోవడమే అనుపాతం. మెట్లన్నీ ఉన్నాయి, నోట్లో ఉన్నాయి. ఆ నోటిమాటనే కాగితం మీద రాయమని అతనికి ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు అతను, "ఎనిమిదితో ఆపేస్తా, లెక్కలు నాకు రావు" అంటున్నాడు. ఈ బడిలో అందరికంటే బాగా లెక్క వచ్చినవాడు తనకు లెక్కలు రావు అనుకుంటున్నాడు. ఇది చిన్న విషయమా?

నా మాటకు ఎదురు వాదనలున్నాయి. వాటినీ చూద్దాం.

"అభ్యాసం లేకుండా లెక్కలు ఎట్లా వస్తాయి?" అని పెద్దలంటారు. నిజమే. ఎక్కాలు రావాలి, భాగహారం తడబడకూడదు. అభ్యాసం వద్దని నేననడం లేదు. కానీ ఒకే రకం లెక్క 20 సార్లు చేస్తే చెయ్యి మాత్రమే అభ్యాసం చేస్తుంది. అన్ని రకాలూ కలిపి ఐదు ఇస్తే బుద్ధి కూడా చేస్తుంది.

"ఎక్కువ ఇంటిపని ఇచ్చే బడే మంచి బడి" అని అమ్మానాన్నలంటారు. మీకో ప్రశ్న. మందు కొట్టేటప్పుడు లీటరు నీళ్లకు 2 మిల్లీలీటర్లు అంటే, 16 లీటర్ల ట్యాంకుకు 32 పోస్తాం. ప్రతి లీటరుకూ అంతే కావాలి కాబట్టి అది అనులోమం. అట్లాగని లీటరుకే రెట్టింపు మందు పోస్తే పంట రెట్టింపవుతుందా? ఆకు మాడిపోతుంది. రైతుబిడ్డలం, ఇది మనకు తెలుసు. ఇంటిపనీ అంతే.

"పరీక్షలో మెట్లకే మార్కులు" అని ఉపాధ్యాయులంటారు. ఒప్పుకుంటాను. అయితే మెట్టు అంటే కారణం. "కమీషను పోగా పదిలో తొమ్మిది వంతులు మిగిలాయి కాబట్టి" అని ఒక తెలుగు వాక్యం రాస్తే అది మెట్టు కాదా?

"తెలుగులో లెక్కలు చదివి ఏం లాభం, పై చదువంతా ఇంగ్లీషే కదా" అని ఇంకొందరంటారు. రాజ్యాంగంలోని 350ఎ అధికరణం భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించే ఏర్పాట్లు ఉండాలని చెప్తోంది. ఎవరో దయతో ఇచ్చింది కాదు అది. తెలుగులో గణితం కొత్తదీ కాదు. 9వ శతాబ్దంలో కన్నడ దేశంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మాటల సంగతి చూడండి. లోమం అంటే వెంట్రుక. దూడ వీపును వెంట్రుకలు వాలినవైపే నిమిరితే అనులోమం, ఎదురు నిమిరితే విలోమం. ఒకటి పెరిగితే రెండోదీ దాని వెంటే పోతుందా, ఎదురు పోతుందా అనేది ఆ పేరులోనే ఉంది. ఇది ముందే ఎవరైనా చెప్పుంటే ఆ రాత్రి నేను ఏడూ నలభై అనేదాన్నే కాదు. అర్థమైన లెక్క రేపు ఏ భాషలోకైనా నాతో వస్తుంది. అర్థం కానిది ఏ భాషలో ఉన్నా గైడులోనే ఉండిపోతుంది.

ఈ జబ్బు మన ఒక్క బడిదే కాదు. 1980 ప్రాంతంలో ఫ్రాన్సు దేశపు గ్రెనోబుల్‌లో చిన్న పిల్లలకు ఒక ప్రశ్న ఇచ్చారు. ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి, కెప్టెన్ వయసెంత? చాలామంది 36 అని చెప్పారు. నేను నవ్వుకుని, మా తరగతిలో ఇంకోటి అడిగాను. మూడు చీరలు ఎండలో ఆరడానికి 2 గంటలు పడితే, ఆరు చీరలకు ఎంతసేపు? పక్కపక్కనే ఆరేస్తే ఆరు చీరలూ అదే 2 గంటల్లో ఆరతాయి. కానీ నాలుగు గంటలు అన్నవాళ్లే ఎక్కువ. అంకెలు కనిపిస్తే గుణించడం, జవాబు వస్తే ఆగిపోవడం మాకు అలవాటైపోయింది.

అందుకని నేను కోరేవి ఇవి. ఒకటి, రోజుకు 20 వద్దు, 5 లెక్కలు ఇవ్వండి. అందులో అనులోమం, విలోమం, రెండూ కానిది కలిసి ఉండాలి. రెండు, ప్రతి లెక్కకూ ముందు ఒక వాక్యం రాయించండి. "జవాబు పెద్దదవుతుందా, చిన్నదవుతుందా, ఎందుకు?" ఆ ఒక్క వాక్యం రాసి ఉంటే నేను తప్పేదాన్ని కాదు. మూడు, వచ్చిన జవాబును మళ్లీ లెక్కలో పెట్టి సరిచూడటానికి ఒక మార్కు పెట్టండి. నాలుగు, వారానికి ఒక లెక్క మా ఇంటి నుంచి తెమ్మనండి. తోట నుంచి, మగ్గం నుంచి, అంగడి నుంచి, అమ్మ వంటింటి నుంచి. దానికి గైడు ఉండదు. ఐదు, రోజుకు 14 పుస్తకాలే దిద్దండి. 14 పుస్తకాలకు 70 లెక్కలు. లెక్కకు ఒక నిమిషం ఇచ్చినా 70 నిమిషాలు. మూడు రోజుల్లో 42 మందివీ అయిపోతాయి. మా తప్పును మీరు చూశారని మాకూ తెలుస్తుంది.

తోటి విద్యార్థులకు ఒక మాట. 5 లెక్కలే ఇస్తే మిగిలిన సమయం టీవీకి, ఫోనుకు పోతుందని పెద్దల భయం. ఆ భయం తప్పని చూపించాల్సింది మనమే. గైడు మూసేద్దాం. తప్పయినా సొంతంగా రాద్దాం.

లెక్కల సార్‌కు చివరి మనవి. ఎనిమిదితో ఆపేస్తానన్న ఆ అబ్బాయిని ఒక్కసారి పలక దగ్గరికి పిలవండి సార్. ఆ మండీ లెక్క మా అందరికీ అతని మాటల్లోనే చెప్పమనండి. మెట్లు మేము రాసుకుంటాము.

(8వ తరగతి విద్యార్థిని)